పురుగు పట్టని పెట్టె

నంద్యాల
12 ఫిబ్రవరి 1982

అక్కా,

నీకూ, మన ఏసమ్మత్తకూ వందనాలు. పరంజ్యోతీ బిడ్డా బాగున్నారు. నేను ఉద్యోగంలో చేరి నెల దాటింది, ఇంకా ఒక్క గోడ కట్టించలేదు. నా తమ్ముడు వర్క్ ఇన్‌స్పెక్టర్, బిల్డింగులు కట్టిస్తాడని నువ్వు ఆళ్ళగడ్డంతా చాటావు. తీరా నాకు అప్పగించింది పడగొట్టే పని.

ఊరి చివర పాత గోదాము ఒకటుంది. పత్తి నిల్వ చేయడానికి దొరల కాలంలో కట్టింది. ఆ తరువాత ఇరవై ఏళ్ళు అందులో విత్తనాలు, పురుగుమందు మూటలు పెట్టారు. ఇప్పుడు దాన్ని పడగొట్టి ఆ జాగాలో ఆఫీసు కడతారు. ఏ దూలం పనికొస్తుంది, ఏ రేకు పనికిరాదు అని నేను జాబితా రాసి సంతకం పెట్టాలి. దాన్ని బట్టి సామాను వేలం వేస్తారు.

మొన్న అటక సగం కూలింది. అందులోంచి నాలుగు పలకలు తీసి, మన కండక్టర్ దేవరాజు బస్సు మీద వేసి పంపుతున్నాను. గుడిలో పిడికెడు బియ్యం పోసే రేకుడబ్బా తుప్పు పట్టిందని పోయినసారి అన్నావు కదా. వీటితో పెట్టె చేయించు. అసలైన టేకు. అన్నేళ్ళున్నా ఒక్క చెదపురుగు ముట్టలేదు. మొదటి జీతంలో దేవునికి ఏమిచ్చావురా అని అడిగావు, ఇదిగో ఇచ్చాను.

నీ తమ్ముడు
అబ్రహాము


ఆళ్ళగడ్డ
9 మార్చి 1982

తమ్ముడూ,

పలకలు అందాయి. దేవరాజు వాటిని దించి మా బడి గోడకు ఆనించి, "టీచరమ్మా, మీ తమ్ముడు గోదామంతా మోపించేటట్టుండాడు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎవరినైనా అడిగి తీశావా? కూలినదైనా సర్కారు సొత్తే. ఒకటో తరగతి పిల్లవాడు బలపం ముక్క ఎత్తుకుపోతేనే చెవి మెలిపెట్టే దాన్ని, నిన్ను ఊరకే వదులుతానా? సరే, దేవునికని పంపావు, ఈసారికి ఊరుకుంటున్నాను.

వడ్ల అంకన్న రెండు రోజుల్లో పెట్టె చేశాడు. కోసేటప్పుడు గొంతు మండిందని, పాత కొయ్య దుమ్ము ఘాటుగా ఉందని గొణిగాడు. బయట వైపు చిత్రిక పట్టి అద్దంలా చేశాడు. లోపల అట్లే గరుకుగా వదిలేశాడు, బియ్యానికి నునుపెందుకని. ఆదివారం మన ఆడవాళ్ళు, వారమంతా ఎసట్లో పోసే ముందు తీసిపెట్టిన పిడికిళ్ళను కొంగున కట్టుకుని వచ్చి, ఒకరి తరువాత ఒకరు అందులో పోస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి. మన అమ్మ పోయిన తరువాత మనిద్దరినీ సాకింది ఆ పిడికిళ్ళే కదా. ఏసమ్మత్త ఆ బియ్యంతోనే మనకు వండి పెట్టింది.

ఇప్పుడు ఆ బియ్యం అత్తకే. ముసలితనంలో ఎవరి ఇంటికీ రానంటుంది, గుడి వెనక గదిలోనే ఒంటిగా వండుకుంటుంది. పెట్టెను తడిమి చూసి, "నా అబ్రహాము పెట్టెలో బియ్యం నేనే ముందు తింటా" అన్నది. తిన్నది కూడా.

మీ అక్క
ఆదెమ్మ


నంద్యాల
4 జులై 1982

అక్కా,

చాలా రోజులకు రాస్తున్నాను. కోపం చేసుకోకు. గోదాము నన్ను మింగేస్తోంది.

నేల మీది పలకలు లేపించిన రోజు ఇద్దరు కూలీలు కక్కుకున్నారు. తల తిరుగుతోందని ఒకాయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. పలకల సందుల్లో, గోడ పగుళ్ళలో తెల్లటి పొడి. ఇరవై ఏళ్ళు మూటలు చినిగి రాలిన పురుగుమందు అది. కొయ్య దాన్ని తాగేసింది. అమ్మకూడని సామాను గురించి జాబితా కాగితంలో గడి కూడా లేదు. నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. పనికొచ్చే దానికి సున్నంతో చుక్క, ముట్టకూడని దానికి ఎర్ర జాజుతో అడ్డగీత.

పరీక్ష చేయడానికి నా దగ్గర యంత్రాలు లేవు, రెండు అగ్గిపెట్టెలున్నాయి. ఒకదానిలో గోదాము పలక గీరిన పొట్టు వేశాను. రెండో దానిలో మా ఇంటి తలుపు గీరిన పొట్టు వేశాను. పరంజ్యోతి చేటలో ఏరిన ముక్కు పురుగుల్ని రెండింటిలోనూ పదేసి వదిలి మూశాను. మరునాడు చూస్తే మా తలుపు పొట్టులో పదీ తిరుగుతున్నాయి. గోదాము పొట్టులో పదీ కాళ్ళు పైకి పెట్టి పడున్నాయి. అట్లా ప్రతి దూలానికీ చేస్తున్నాను. పరంజ్యోతి నన్ను పురుగుల డాక్టరు అంటోంది.

మా ఇంజనీరు గారికి చూపిస్తే అగ్గిపెట్టెను వేలితో తోసేశాడు. "ఏందప్పా ఇది? పురుగులు సస్తే మంచిదే గదా. సెద పట్టని కొయ్యని సెప్పు, పాటకు ఎగబడతారు. గీతలు తుడిపెయ్" అన్నాడు. తుడపనని చెప్పాను. చేరి ఆరు నెలలు కాలేదు, అప్పుడే పై అధికారికి ఎదురు చెప్పాను. భయమేసింది గానీ, సిగ్గు వేయలేదు.

గుడిలో పెట్టె బాగుందా? ఊరికే అడుగుతున్నాను.

అబ్రహాము


ఆళ్ళగడ్డ
22 ఆగస్టు 1982

తమ్ముడూ,

పెట్టె బాగుందా అంటావా? ఆ పెట్టె సంగతి రుద్రవరం దాకా పాకింది. పది రోజులుగా ముసురు. ఊళ్ళో ఏ ఇంట చూసినా బియ్యం పురుగు పట్టి, ఆడవాళ్ళు చేటలు పట్టుకుని కూర్చున్నారు. మన పెట్టెలో మార్చిలో పోసిన బియ్యం అడుగున ఉంది, ఒక్క పురుగు లేదు. ఒక్కటంటే ఒక్కటి! భారతమ్మ చూసి, "ఇది దేవుని కాపుదల గాక ఏందక్కా" అని మోకరించింది. ఇప్పుడు ఇద్దరు ముగ్గురు తమ ఇంటి గింజలు కూడా తెచ్చి ఇందులో దాచమంటున్నారు.

అందుకే సంఘమంతా ఒక మాట అనుకున్నాం. గుడి పైకప్పు కురుస్తోంది. ఆ గోదాము దూలాలు, పలకలు వేలంలో మనమే పాడుకుందాం. నువ్వు గీతలూ చుక్కలూ అంటూ నాన్చకుండా ఆ సంతకం పెట్టెయ్. కూలీలు కక్కుకున్నారంటే ఏ కల్లు తాగి వచ్చారో. అధికారితో తగవు ఎందుకు? నీది చిన్నప్పటి నుంచీ మొండి పట్టు.

అత్త ఒంట్లో అంత బాగుండటం లేదు. చేతులు వణుకుతున్నాయి, గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలుకుతున్నాయి. అన్నం తిన్న తరువాత తల తిప్పుతోందని పడుకుంటోంది. వయసు కదా. నీ బిడ్డను ఒకసారి చూడాలంటోంది.

మీ అక్క
ఆదెమ్మ


నంద్యాల
25 ఆగస్టు 1982

అక్కా,

ఈ ఉత్తరం దేవరాజు చేతికే ఇస్తున్నాను. చదివిన నిమిషమే పెట్టె మూసెయ్. అత్త గదిలో ఉన్న బియ్యం తీసెయ్. వండి ఉంటే పారబొయ్, కోళ్ళకు కూడా వేయవద్దు.

పురుగు పట్టకపోవడం దేవుని కాపుదల కాదు. ఆ కొయ్యలో మందు ఉంది. అటక మీద పొడి లేదు కదా, పైనున్న పలకలకు ఏమీ కాదు అని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. జులైలోనే అటక పలక ఒకటి పరీక్ష చేశాను. పురుగులు చచ్చాయి. ఒకసారికి తెలియదులే, మళ్ళీ చూద్దాం అనుకుంటూ నీకు రాయలేదు. నేను ఇచ్చిన కానుక విషమని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఈ నెలన్నరా అత్త ఆ బియ్యం తిన్నది. నన్ను తిట్టు, ఎంతైనా తిట్టు.

పెట్టెను కాల్చవద్దు, పొగ కూడా మంచిది కాదు. అంకన్నను అందులో మేకు కూడా పీకనివ్వకు. అత్తను వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయి, పురుగుమందు కడుపులోకి పోయిందని డాక్టరుతో చెప్పు. సిగ్గుపడి దాచవద్దు.

అబ్రహాము


ఆళ్ళగడ్డ
6 సెప్టెంబరు 1982

అబ్రహామూ,

నిన్ను తిట్టడానికి నాకు తెలిసిన మాటలు చాలలేదు, అందుకే పది రోజులు రాయలేదు. అత్తను ఆసుపత్రిలో చూపించాను. ఆ బియ్యం మానిన తరువాత తల తిప్పడం తగ్గింది. చేతుల వణుకు తగ్గడానికి నెలలు పడుతుందట, పూర్తిగా తగ్గుతుందో లేదో చెప్పలేమన్నారు. తెలిసి కూడా నెలన్నర ఊరుకున్నావు చూడు, దాన్ని మాత్రం నేను మరిచిపోను. క్షమిస్తాను, అది వేరే సంగతి.

ముందు నీ మాట నమ్మలేదు. దేవుని పెట్టెను అగ్గిపెట్టెతో పరీక్షించడమేమిటి అనుకున్నాను. కానీ నేనూ టీచరునే కదా. పెట్టె లోపల గీరిన పొట్టు ఒకదానిలో, మా బడి బెంచీ గీరిన పొట్టు ఇంకోదానిలో వేశాను. పురుగులకు ఊళ్ళో కరువు లేదు. మరునాడు తెరిచి చూస్తే బెంచీ పొట్టులో పురుగులు తిరుగుతున్నాయి, పెట్టె పొట్టులో ఒక్కటీ కదలలేదు.

ఆదివారం రెండు అగ్గిపెట్టెలూ తీసుకుపోయి అందరి ముందూ తెరిచాను. సంఘపెద్ద శాంతయ్య లేచి, "సన్నిధిలో పెట్టినదాన్ని ఇసం అంటే దేవున్ని అన్నట్టే. ఆడమనిసివి, ఊరుకోమ్మా" అన్నాడు. ఊరుకునే రోజులు అయిపోయాయి. "పురుగుల్ని దేవుడు సంపలేదు పెద్దాయనా, మందు సంపింది. రేపు మనల్ని సంపినా దేవుని మీదనే పెడతావా?" అని అడిగాను. భారతమ్మ లేచి వచ్చి నా పక్కన నిలబడింది. తరువాత ఇంకో నలుగురు. బియ్యమంతా గుంట తీసి పూడ్చేశాం. రుజువు కోసం ఒక సేరు మాత్రం డబ్బాలో దాచాను. పెట్టెకు తాళం వేశాను.

పలకలు ఎవరిచ్చారని అడిగారు. నేను చెప్పలేదు. నా నోటితో చెప్పను. అది నువ్వు చెప్పాల్సిన మాట.

ఆ సంతకం పెట్టెయ్ అని రాశాను కదా, ఆ ముక్క కొట్టేసుకో. పెట్టవద్దు.

ఆదెమ్మ


నంద్యాల
3 అక్టోబరు 1982

అక్కా,

ఈ నెల ఇరవైన వేలం. చాగలమర్రి నుంచి, ఆత్మకూరు నుంచి కొయ్య వ్యాపారులు ఇప్పటికే వచ్చి చూసిపోయారు. ఆ దూలాలు కొన్న వాళ్ళు ఉయ్యాల చేయిస్తారు, ధాన్యం గాదె చేయిస్తారు, వాకిలి తలుపు చేయిస్తారు.

నిన్న ఇంజనీరు గారు పిలిపించాడు. వాచ్‌మన్ మత్తయితో అటక పలకలు లెక్క పెట్టించాడట. "నాలుగు తక్కువ వస్తాండాయి. యాడ పోయినాయప్పా?" అన్నాడు. ఆయన నవ్వి, సున్నం చుక్కలే ఉన్న కొత్త జాబితా నా ముందుకు తోశాడు. "దీని మీద సంతకం పెట్టు. పలకలు ఇరిగిపోయినాయని నేను రాసుకుంటా. పెట్టకపోతే సర్కారు సొత్తు దొంగవు నువ్వు. పెండ్లాం బిడ్డలున్నోనివి, బాగా ఆలోచించుకో" అన్నాడు.

ఆలోచిస్తూనే ఉన్నాను. ఆయన కాగితాన్ని చింపి ఆయన బల్ల మీదే వేయాలని ఉంది. కానీ దొంగ అనే మాట నిజమే కదా. దొంగ చెప్పిన లెక్కను ఎవరు నమ్ముతారు? ఏం చేయమంటావు?

అబ్రహాము


ఆళ్ళగడ్డ
6 అక్టోబరు 1982

తమ్ముడూ,

ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఆ మాట ఆయన అనకముందే నువ్వు అను. నాలుగు పలకలు నేనే తీశాను, ఎవరినీ అడగలేదు, ఫలానా చోటికి పంపాను అని కాగితం మీద రాసి, పై ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో పంపు. దాచినంత కాలమే అది ఆయన చేతిలో కర్ర. చెప్పేశావంటే ఆయన చేతిలో ఏమీ ఉండదు. ఉద్యోగం పోతే పోనీ, ఆళ్ళగడ్డ రా. నా జీతం మీ మూడు కడుపులకు చాలకపోతే సగం సగం తిందాం.

నీ ఉత్తరం అత్తకు చదివి వినిపించాను. వద్దనుకున్నాను, కానీ ఆమె తిన్న విషం గురించి ఆమెకు తెలియకూడదా? చివరిదాకా విని, వణికే చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, "నా సేతులు వణుకుతాంటే వణకనీ. సంతకం కాడ వాని సెయ్యి వణకగూడదని రాయి" అన్నది. రాశాను.

వేలానికి నేను రాలేను, అత్తకు అన్నం నేనే కలిపి పెట్టాలి. నా బదులు పెట్టె వస్తుంది. దేవరాజుతో మాట్లాడాను, గోనెలో చుట్టి బస్సు మీద వేస్తాడు. వచ్చిన దారినే పోతుంది. దానితో ఒక ఉత్తరం కూడా పంపుతాను. అందరి ముందూ చదవాలి. నీ గొంతు బొంగురు పోతే దేవరాజుతో చదివించు.

ఆదెమ్మ


ఆళ్ళగడ్డ
19 అక్టోబరు 1982

వేలం పాటకు వచ్చిన పెద్దలకు, అధికారులకు,

నా పేరు ఆదెమ్మ. ఒకటో తరగతి టీచరును. ఈ పెట్టె మీరు పాడబోయే గోదాము పలకలతో చేసింది. ఆ పలకలు తెచ్చింది అబ్రహాము, నా తమ్ముడు. అడగకుండా తెచ్చాడు, తప్పు చేశాడు. ఆ తప్పు వాడే రాసి పంపుకున్నాడు.

మూత తెరవండి. లోపల డబ్బాలో ఒక సేరు బియ్యం ఉంది. మార్చి నుంచి ఆగస్టు దాకా ఈ పెట్టెలోనే ఉన్న బియ్యం. వెతకండి, ఒక్క పురుగు కనిపించదు. ఈ బియ్యం తిన్న మా మేనత్త ఈ రోజు గ్లాసు కూడా పట్టుకోలేకపోతోంది.

ఇది మంచి కొయ్య, చెద పట్టదు అని మీతో అన్నవారు ఎవరైనా సరే, ఈ సేరు బియ్యం ఇక్కడే వండించుకుని మీ ముందు తినాలి. తింటే మీరు సంతోషంగా పాడుకోండి. తినకపోతే ఎందుకు తినలేదో వాళ్ళనే అడగండి.

ఆదెమ్మ


నంద్యాల
21 అక్టోబరు 1982

అక్కా,

నీ ఉత్తరం నేనే చదివాను. గొంతు బొంగురు పోలేదు.

ఇంజనీరు గారి జాబితా మీద నేను సంతకం పెట్టలేదు, ఆయనే పెట్టుకుని గీతలున్న సామాను కూడా పాటకు పెట్టించాడు. పెట్టె వేలం బల్ల మీద మూత తెరిచి ఉంది. చాగలమర్రి వ్యాపారి ముందుకొచ్చి, డబ్బాలో చేయి పెట్టి, గుప్పెడు బియ్యం తీసి వాసన చూశాడు. ఇంజనీరు గారి వైపు తిరిగి, "సారూ, మీరు తింటారా?" అని అడిగాడు. ఆయన, "ఇదేమన్నా వేలం పాటనా, తద్దినమా?" అని కసిరాడు. తింటానని మాత్రం అనలేదు. వ్యాపారి బియ్యం డబ్బాలో పోసేసి, చేయి పంచెకు తుడుచుకోబోయి ఆగాడు. పంపు దగ్గరికి పోయి కడుక్కుని వచ్చి, "మా ఇంట్లో పసిబిడ్డలుండారు. ఈ కొయ్య నాకొద్దు" అన్నాడు. ఆ తరువాత జాజు గీత ఉన్న ఒక్క సామానుకూ పాట రాలేదు. సున్నం చుక్కలవి మాత్రం పోయాయి.

గీత ఉన్నవన్నీ ఊరికి, బావులకు దూరంగా గుంట తీసి పూడ్చమని, నా రిజిస్టరు ఉత్తరం చూసి పై ఆఫీసు నుంచి వచ్చినాయన చెప్పాడు. మన పెట్టె కూడా ఆ గుంటలోకే పోతుంది. దాని మీద నేనే పెద్ద అడ్డగీత గీశాను.

నాలుగు పలకల మీద విచారణ తేలేదాకా నన్ను సస్పెండు చేశారు. ఆ ఆర్డరు అందినట్టు సంతకం పెట్టమన్నారు. ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా పెట్టాను. చేయి వణకలేదని అత్తకు చెప్పు.

అబ్రహాము


ఆళ్ళగడ్డ
5 డిసెంబరు 1982

తమ్ముడూ,

అత్తకు చెప్పాను. మూడుసార్లు చెప్పించుకుంది. నిన్న గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తానే తాగింది. సగం రవికె మీద ఒలికింది. తుడవబోతే నా చేయి తోసేసింది.

పిడికెడు బియ్యం ఆగుతుందని కొందరు అనుకున్నారు. ఆగలేదు. కుమ్మరి దగ్గర కొత్త కుండ తెచ్చి పెట్టాం. శాంతయ్య తానే మోసుకొచ్చాడు. ఈ నెల బియ్యం ఎవరికివ్వాలని సంఘంలో అడిగితే, భారతమ్మ లేచి, "జీతం లేనోడు నంద్యాలలో ఒగడుండాడు గదా, వాని పాపకు అన్నం ఎట్ల?" అన్నది. అందరూ చేతులెత్తారు. వద్దనే హక్కు నీకు లేదు. చిన్నప్పుడు తిన్న బియ్యమే.

మూట దేవరాజు తెస్తాడు. నిన్న కుండ తీసి చూస్తే బియ్యానికి పురుగు పట్టింది. ఆడవాళ్ళం అందరం చుట్టూ చేరి, చంటిబిడ్డను చూసినట్టు చూశాం. భారతమ్మ చేట తెచ్చింది, నేను ఏరనివ్వలేదు. పురుగులు తిరుగుతున్నాయి, నీ కళ్ళతో చూసుకుని వండుకో. అట్లే పంపుతున్నాను.

మీ అక్క
ఆదెమ్మ